కంటి వెనుక చప్పుడు

తమ్ముడి ఎడమ కన్ను అతని గుండెతో పాటు కొట్టుకుంటోందని సంధ్య కనిపెట్టింది చిక్కడపల్లిలోని ఒక మెస్సులో, అతను తల వంచి అన్నంలో పప్పు కలుపుకుంటున్నప్పుడు.

మొదట తన చూపునే అనుమానించింది. మళ్ళీ చూసింది. భానుప్రకాశ్ రెప్ప వాల్చినప్పుడు కూడా ఆ రెప్ప కింద కనుగుడ్డు కొద్దిగా ముందుకు జరిగి వెనక్కి పోతోంది. తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రటి నరాలు మెలికలు తిరిగి ఉన్నాయి. సంధ్య బల్ల మీదుగా చెయ్యి చాచి అతని ఎడమ మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి కొట్టింది. కన్ను ఒకసారి కదిలింది. నాడి మళ్ళీ కొట్టింది. కన్ను మళ్ళీ కదిలింది.

"ఏందక్క, టికెట్లు కొట్టుడు బంద్ వెట్టి డాక్టర్‌వైనవా?" అన్నాడు భాను.

సంధ్య సిటీ బస్సులో కండక్టర్. తొమ్మిదేళ్ళ నౌకరీ. అంబర్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటుంది. వారాంతపు సెలవు రోజున తమ్ముడి దగ్గరికొచ్చి అతనితో కలిసి ఒక పూట తినిపోవడం అలవాటు. డ్యూటీలు మారి మూడు వారాలుగా రాలేకపోయింది. ఫోన్లో మాట్లాడితే అంతా బాగుందన్నాడు.

"ఈ కన్ను ఎన్ని దినాలసంది ఇట్లున్నది?"

"కండ్ల కలక. మా స్టడీ హాల్ల సగం మందికొచ్చింది. హాల్ నడిపే సార్ చుక్కల మందు గూడ తెచ్చిచ్చిండు."

"కలకైతే రెండు కండ్లకొస్తది. నీకొక్కదానికే వచ్చిందా? బయటికి పొడుచుకొచ్చింది గదరా."

"పొద్దున ఆరింటిసంది పుస్తకంల పడుంటే ఏ కన్నైనా గట్లనే పొడుచుకొస్తది." భాను ఒక ముద్ద తిని, కాస్త తగ్గి అన్నాడు. "కన్నుతోని పరేషాన్ లేదక్క. చెవిల చప్పుడుతోనే చదువు సాగుతలేదు. సుయ్, సుయ్ మనుకుంట. నా నెత్తి మీది ఫ్యానే అట్ల మొత్తుకుంటున్నదని మూడు సీట్లు మారిన. ఉదయ్‌గాడు నాకు ఫ్యానింగ్ ఆఫీసర్ అని పేరు వెట్టిండు."

సంధ్య తల పైకెత్తి చూసింది. మెస్సులో కరెంటు పోయి పావుగంట దాటింది. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి.

"ఇప్పుడు వినబడుతున్నదా?"

భాను కూడా పైకి చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"వినబడుతున్నది."

అన్నం సగంలోనే వదిలి లేచారు. మెయిన్ రోడ్డు మీద మొదట కనిపించిన కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది సంధ్య. ఆ పెద్దాయన లైటు వేసి చూసి, సొరుగులోంచి స్టెతస్కోప్ తీసి, మూసిన రెప్ప మీద ఆనించి విన్నాడు. తర్వాత ఆ గొట్టాలు సంధ్య చెవులకు పెట్టాడు. లోపల ఎవరో చిన్న పంపుతో గాలి కొడుతున్నట్టు చప్పుడు. ఒక్కో గుండె దెబ్బకు ఒక్కోసారి.

"ఇది కంటి జబ్బు కాదమ్మా. కంటి వెనుక నెత్తురు దారి తప్పింది. మొన్నీమధ్య తలకు దెబ్బ తగిలిందా?"

"స్టడీ హాల్ మెట్ల మీద జారి పడ్డ సార్. మూడు కుట్లు. పోయిన వారమే తీసేసిండ్రు," అన్నాడు భాను, జుట్టు పైకి తోసి ఎడమ కనుబొమ పైన మచ్చ చూపిస్తూ.

సంధ్యకు ఆ సంగతి తెలియడం అదే మొదలు. తమ్ముడి వంక చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు పరేషాన్ అయితవని చెప్పలేదక్క."

సాయంత్రానికి నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో చేర్చింది. ఆ రాత్రే స్కానింగులు అయ్యాయి.

*

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు డాక్టర్ అంబిక సంధ్యను తన గదిలోకి పిలిచి, కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టింది. తల ఎముక తెరవకుండా, రక్తనాళాల్లోంచే మెదడు దాకా పోయి వైద్యం చేయడం ఆమె పని. నలభై ఐదేళ్ళుంటాయి. మాట తక్కువ. ఉన్న మాట మాత్రం దాచదు.

"ఇది కంటి వెనుక చోటు. ఇక్కడ చెడు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరల గూడు ఉంటుంది. దాని మధ్యలోంచి మెదడుకు మంచి రక్తం తీసుకుపోయే ధమని పోతుంది. పడ్డప్పుడు మీ తమ్ముడికి ఎముక పగిలి ఆ ధమనికి చిల్లు పడింది. మంచి రక్తం పోటు మీద సిరల్లోకి కొడుతోంది. అందుకే కన్ను ఉబ్బింది. అందుకే చప్పుడు."

"చూపు ఉంటదా మేడం?"

"నిన్న సాయంత్రం గోడ మీది పెద్ద అక్షరం చదివాడు. ఈ పొద్దున నా వేళ్ళు లెక్కపెట్టగలిగాడు, అంతే. అంత తొందరగా పోతోంది. అదొక్కటే కాదు. ఆ రక్తం మెదడు సిరల్లోకి కూడా ఎగదన్నడం మొదలైంది. అవి చిట్లితే మనిషి దక్కడు. మధ్యాహ్నం రెండింటికి చేస్తున్నాను. ఆపను."

సంధ్య తల ఊపింది.

"తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టం లోపలికి పంపుతాను. అది మెడలోంచి పైకి, ఆ చిల్లు దాకా పోతుంది. దాని లోపలి నుంచి వెంట్రుకలాంటి ప్లాటినం తీగలు వదులుతాను. అవి అక్కడ చుట్టలు చుట్టుకుని చిల్లు మూస్తాయి. మామూలుగా అయితే ధమనిలోంచే పోతాం. దగ్గరి దారి." ఆమె ఇంకో బొమ్మ తెర మీదికి తెచ్చింది. "నా అనుమానమంతా ఇక్కడ. ఇది మెడలో ఎడమ ధమని. ఈ చోట అంచు సరిగా లేదు. స్కానింగులో అతను కదిలాడు, బొమ్మ మసకబారింది. పుట్టుకతో ఉన్న వంపు కావచ్చు. లేదా లోపలి పొర చిరిగి ఉండొచ్చు. చిరిగి ఉంటే నా తీగ ఆ చిరుగులోకి దూరుతుంది. ధమని అక్కడే మూసుకుపోయి సగం శరీరం పడిపోవచ్చు."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. సిరల్లోంచి, వెనక నుంచి పోవాలి. చుట్టు దారి. సన్నది, అందరికీ తెరుచుకోదు. రెండింతల సేపు పడుతుంది. ఆలోపు లోపల ఏదైనా చిట్లితే నా చేతిలో ఉండదు. ఊరికే అనుమానంతో ఆ దారి ఎంచుకోలేను. మెడ ధమని చిరగాలంటే మెడకు దెబ్బ తగలాలి. మెట్ల మీద జారితే తలకు తగులుతుంది, మెడను ఎవరు పట్టి గుంజుతారు? అతన్ని అడిగితే పరీక్ష రాస్తున్నది గుర్తుంది, తర్వాత మెట్ల కింద కళ్ళు తెరిచింది గుర్తుంది, మధ్యలో ఏమీ లేదంటున్నాడు. అది నిజమే, తలకు దెబ్బ తగిలితే అంతే. కానీ చూసినవాళ్ళు ఎవరో ఉంటారు కదా."

సంధ్య గోడ గడియారం చూసింది. పది కావస్తోంది.

"ఒంటిగంటకల్లా వస్త మేడం."

*

అశోక్‌నగర్ సందులో భాను గది. పొద్దున పూట ఆ వీధంతా భుజాన సంచులతో, చేతిలో నీళ్ళ సీసాలతో స్టడీ హాళ్ళకు పోయే పిల్లలే. గదిలో భానుతో పాటు ఉండే ఉదయ్ కుమార్ తలుపు తీశాడు. ఇద్దరిదీ హుస్నాబాద్ పక్కన ఒకే ఊరు. మూడేళ్ళుగా ఇద్దరూ గ్రూప్ టూకు చదువుతున్నారు.

"భాను పడ్డప్పుడు నువ్వెక్కడున్నవ్ తమ్మీ?"

"హాల్లనే అక్క."

"హాల్లనే అంటే మెట్ల మీదనా, లోపలా?"

ఉదయ్ చెవి గోక్కున్నాడు. ఎంతమందిని చూసింది ఆమె. పాస్ మర్చిపోయానని చెప్పేవాడు ముందు చెవి గోక్కుంటాడు.

"ఉదయ్, రెండింటికి వాని తలకాయలకు గొట్టం పంపుతరు. నాకు అబద్ధం చెప్పేంత టైం నీకూ లేదు."

"నేను ఆ దినం పరీక్షకే పోలేదక్క. ఆదివారం ఆదివారం సార్ మాక్ పరీక్ష వెడతడు. నాకు మార్కులు వస్తలేవని ఎగ్గొట్టిన. సార్‌కు తెలుస్తదని హాల్ల ఉన్నట్టే చెప్పుకుంట వస్తున్న." తల దించుకున్నాడు. "మెట్ల మీద ఎవరూ లేరంట. అందరూ పరీక్ష రాస్తున్నరు. చప్పుడు విని సార్ ఉరికిండంట. సారే ఆటోల వేసుకొని కుట్లు వేయించిండు, సారే గదికి తెచ్చి పండవెట్టిండు. దినాం పండ్లు తెచ్చిండు. సొంత తండ్రి గూడ అంత చెయ్యడక్క."

"మెట్లు తడిగుండెనా?"

"సార్ తడిగుండె అన్నడు."

గోడకు మేకు. మేకుకు భాను సంచి. భుజానికి అడ్డంగా వేసుకునే నల్ల సంచి, రెండేళ్ళ కిందట సంధ్యే కొనిచ్చింది. ఎప్పుడూ ఎడమ భుజం మీద పట్టీ, కుడి తుంటి దగ్గర సంచి. ఆమె దాన్ని కిందికి దించింది. పట్టీ సంచికి కలిసే చోట నల్ల బట్ట మీద గోధుమరంగు దారం, లావుపాటి కుట్టు. కొత్తది.

"ఇది ఎవరు కుట్టించిండ్రు?"

"సారే. మూడు దినాలకు కుట్టించి పంపిండు."

సంధ్య ఆ కుట్టును బొటనవేలితో తడిమింది. తొమ్మిదేళ్ళు నిండు బస్సులో నిలబడి పడేవాళ్ళను చూసింది. తడి మెట్టు మీద కాలు జారినవాడు వెనక్కి కూలబడతాడు, నడుముకు తగులుతుంది, తల వెనక తగులుతుంది. కనుబొమ ముందుకు పోయి తగలదు. ముందుకు పడేది ఎవరు? వెనక నుంచి తోస్తే పడతాడు. లేదంటే ఎవరో పట్టుకున్న పట్టు ఒక్కసారిగా తెగితే పడతాడు.

"ఇది కుట్టినోడు ఎక్కడుంటడు?"

*

చిక్కడపల్లి మార్కెట్ పక్కన ఒక పాత ఇంటి మెట్ల కింద కూర్చుని ఆశన్న సంచులు, గొడుగులు, చెప్పులు కుడతాడు. సంచి చూడగానే తన కుట్టును గుర్తుపట్టాడు.

"ఇగో, ఇది మన చేతిదే. మళ్ళ తెగిందా?"

"తెగలేదు తాత. మొదలు ఎట్ల తెగిందో చెప్పు."

ఆశన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అరిగి తెగితే దారాలు ఒక్కొక్కటి పోతయ్, అంచు మెత్తగుంటది. ఇది మొదలుకు మొత్తం చినిగొచ్చింది. నేను సార్‌తోని అన్న, దున్నపోతు గుంజిందా సార్ అని. ఇగో, ఈ ఇనుప రింగు చూడు. నోరు తెరిచి ఉండె, నేనే పట్కారతోని ఒత్తిన. మనిషి జోర్ వెట్టి గుంజకుంటే ఇది తెరుచుకోదు బిడ్డా."

"సార్ ఏమన్నడు?"

"ఏమనలే. కుట్టెదాక నిలబడే ఉన్నడు. కూర్చో సార్ అంటే కూర్చోలే. చేతి వేళ్ళకు బట్ట కట్టుకున్నడు. ఏమైందంటే స్టేప్లర్ గుచ్చుకున్నదన్నడు. స్టేప్లర్ ఒక్క వేలుకు గుచ్చుకుంటది గని నాలుగు వేళ్ళకు గుచ్చుకుంటదా అని నవ్విన. ఆయన నవ్వలే."

పన్నెండు దాటింది. సంధ్య నడక ఆపి పరుగు అందుకుంది.

*

జగదీశ్వర్ సార్ స్టడీ హాల్ అశోక్‌నగర్‌లో మూడో అంతస్తులో ఉంది. బడి పంతులుగా పని చేసి, ముందే పదవీ విరమణ తీసుకుని పద్నాలుగేళ్ళుగా దాన్ని నడుపుతున్నాడు. ఆ హాల్ పేరు చెబితే అశోక్‌నగర్‌లో ఎవరైనా చెప్పేది ఒకటే: అక్కడ మాట వినబడదు. తలుపు దాటాక నోరు తెరవకూడదు. ఏం కావాలన్నా చీటీ మీద రాసి సార్ బల్ల మీద పెట్టాలి. జవాబు ఆయన దాని వెనక రాసిస్తాడు. ఫ్యాను తగ్గించాలన్నా చీటీయే, కడుపు నొప్పి అన్నా చీటీయే. ఆ నిశ్శబ్దం కోసమే పిల్లలు నెలల ముందు పేరు రాయించుకుంటారు. ఆయన కూడా ఆ గీత దాటడు. ఒకసారి తేలు కనిపిస్తే ఆయన చీటీ రాసి పట్టుకుని హాలంతా తిరిగాడని పిల్లలు చెప్పుకుని నవ్వుకుంటారు.

సంధ్య తలుపు తోసింది. అరవై తలలు పుస్తకాల మీదికి వంగి ఉన్నాయి. ఎదుటి చివర బల్ల వెనక తెల్ల చొక్కాలో జగదీశ్వర్. ఆమెను చూసి ఆదరంగా తల ఊపాడు. ఎలా ఉన్నాడు అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఆమె బల్ల దాకా నడిచింది. ఆయన కుడి చేతి వేళ్ళు చూసింది. నాలుగు వేళ్ళ మీదా అడ్డంగా ఒకే వరసలో మానిన గీతలు.

అక్కడే గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే ఈ మనిషి లేదంటాడు. అరవైమంది ముందు లేదన్నవాడు మళ్ళీ అవునని ఒప్పుకోడానికి చాలాసేపు పడుతుంది. ఆమె దగ్గర ఉన్నది గంటన్నర. చీటీల కట్టలోంచి ఒకటి లాక్కుని నిలబడే రాసింది.

"డాక్టరమ్మ రెండింటికి భాను తలలకు గొట్టం పంపుతది. వాడు జారి పడితే మెడల నుంచి ఒక దారి. సంచి పట్టి గుంజితే మెడ నరం చిరిగుంటది, అప్పుడు ఇంకో దారి. తప్పు దారిల పోతే వాడు ఉండడు. ఏ దారి సార్?"

జగదీశ్వర్ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చీటీని బల్ల మీద బోర్లా తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పాడు. చాలాసేపు పెన్ను కాగితానికి ఆనలేదు. ఎవరో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

తర్వాత రాశాడు. చక్కటి పంతులు చేతిరాత.

"గుంజింది నేనే. పద, డాక్టర్‌కు చెప్త."

*

డాక్టర్ అంబిక నిలబెట్టే ప్రశ్నలు వేసింది. ఏ భుజం మీద పట్టీ? ఎటు వైపు గుంజారు? ఎన్నిసార్లు? పట్టీ మెడకు ఎక్కడ తగిలింది? ఎంతసేపు స్పృహలో లేడు? ఆయన మౌఖిక పరీక్షకొచ్చిన కుర్రాడిలా ఒక్కోదానికి జవాబు చెప్పాడు. ఎడమ భుజం. వెనక నుంచి. రెండుసార్లు. మెడ ముందు, ఎడమ పక్క. రెండు నిమిషాలు.

"సిరల దారి," అంది డాక్టర్ పక్కనున్న సిస్టర్‌తో. "మెడ ధమనిలో చిరుగు కింది దాకానే ఒక గొట్టం పెట్టి రంగు మందు పంపి చూసుకుందాం. దాన్ని దాటి తీగ పోకూడదు." తర్వాత జగదీశ్వర్ వైపు తిరిగింది. "ఇది నేను పోలీసులకు రాసి పంపాలి. నియమం."

"పంపండి మేడం."

రెండింటికి భానును లోపలికి తీసుకుపోయారు. బెంచీకి ఒక చివర సంధ్య, ఇంకో చివర జగదీశ్వర్. మూడయింది. నాలుగయింది. ఎదురుగా తలుపు మీద ఎర్ర లైటు. దాని అవతల ఎవరో తన తమ్ముడి తలలో, కంటి వెనుక, వెంట్రుకంత తీగను అంగుళం అంగుళంగా జరుపుతున్నారు.

నాలుగున్నరకు జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను ఎందుకు గుంజిన్నంటే..."

"నాకు చెప్పకుండ్రి సార్." సంధ్య అటు తిరగలేదు. "వాడు పద్దెనిమిది దినాలసంది తననే తిట్టుకుంటున్నడు, చూసుకోకుండ కాలు వెట్టిన అని. వాడు లేచినంక వానికి చెప్పుండ్రి."



ఆరు దాటాక అంబిక బయటికొచ్చింది. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకున్న బరువైన సీసపు కోటు తీసి చేతి మీద వేసుకుంది. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుని ఉంది.

"దారి మొదట తెరుచుకోలేదు. రెండోసారి తెరుచుకుంది. పదకొండు చుట్టలు పెట్టాను. చిల్లు మూసుకుంది. మెడలో చిరుగు ఉంది, చూశాను. దాంట్లోకి నా తీగ పోయుంటే ఇప్పుడు మీతో ఇంకోలా మాట్లాడాల్సి వచ్చేది. అది మందులతో మానాలి, నెలలు పడుతుంది. చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పను. కొంత వస్తుంది. మొత్తం రాకపోవచ్చు."

సంధ్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. బెంచీ చివర జగదీశ్వర్ లేచి నిలబడి, అంతా విని, మెట్ల వైపు నడిచాడు. నారాయణగూడ పోలీస్ స్టేషన్ ఎటు అని వాచ్‌మన్‌ను అడగడం ఆమెకు వినిపించింది.

*

మర్నాడు పదకొండింటికి ఆయన వార్డుకొచ్చాడు. నిన్నటి తెల్ల చొక్కాయే, నలిగి ఉంది. వెంట ఒక కానిస్టేబుల్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. భాను మంచం మీద ఉన్నాడు. ఎడమ కన్ను ఇంకా ఎర్రగానే ఉంది, కానీ కదలడం లేదు. సార్‌ను చూసి లేవబోయాడు. పక్కనున్న ఉదయ్ కుర్చీ ఖాళీ చేసి గోడకు జరిగాడు.

"సార్, కూర్చోండ్రి. రాత్రిసంది చప్పుడు బంద్ అయింది సార్. ఫ్యాను తప్పేం లేదు, ఊకెనే మిమ్మల్ని సతాయించిన."

జగదీశ్వర్ కూర్చోలేదు. సంధ్య వైపు ఒకసారి చూశాడు. ఆమె లేచి వెళ్ళలేదు. ఆయన మంచం కాళ్ళ దగ్గరి ఇనుప కడ్డీ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పండుకో బిడ్డా. నిలబడే చెప్త. నువ్వు మెట్ల మీద జారలేదు. నేను గుంజిన. నా ప్రశ్నపత్రాలు రెండు నెలలసంది బయటికి పోతుండె. పరీక్ష వెట్టకముందే ఫోన్లల్ల తిరుగుతుండె. నెలంత కూర్చొని ఒక్కొక్క ప్రశ్న నా చేతితోని రాసుకుంట. ఎవడో నా హాల్లనే ఉన్నడు, వాన్ని పట్టుకోవాలె, అదొక్కటే నా తలకాయల తిరుగుతుండె. ఆ ఆదివారం నువ్వు పరీక్ష మధ్యల లేచినవ్. నాకు చీటీ వెట్టలే. ప్రశ్నపత్రం మడిచి సంచిల వేసుకొని పోయినవ్. దొరికిండు అనుకున్న. నీ ఎన్కనే వచ్చిన. ఆగు భానూ అని ఒక్క మాట పిలిస్తే నువ్వు ఆగుదువు. అది నాకు తెలుసు. పిలవలే. తలుపు తెరిచున్నది, లోపల పిల్లలు రాస్తున్నరు, నా హాల్ల నేనే ఎట్ల నోరు తెరుస్త అనుకున్న. పద్నాలుగేండ్ల అలవాటు. నోటికి బదులు చెయ్యి పోయింది. సంచి అందింది, గుంజిన. పట్టీ నీ మెడకు బిగుసుకున్నది. అది నాకు కనబడ్డది. కనబడ్డంక గూడ ఇంకోసారి గుంజిన. డాక్టరమ్మ ఎన్నిసార్లు అని అడిగితే రెండు సార్లు అని చెప్పిన. నీకు గూడ అదే చెప్తున్న. రెండోసారికి పట్టీ తెగింది. నువ్వు కిందికి పోయినవ్.

"నువ్వు కండ్లు తెరిచి, సార్, జారిన్నా అని అడిగినవ్. అవు బిడ్డా, జారినవ్ అన్న. ఆ మాట నువ్వే నా చేతికిచ్చినవ్, నేను తీసుకున్న. నీ కన్ను ఎర్రగైతే కలక అన్న. నీకు చప్పుడు వినబడుతున్నదంటే ఫ్యానుకు నూనె వేయించిన. నీ తలకు ఎట్ల తగిలిందో తెలిసినోన్ని నేనొక్కన్నే. అందరికంటె ముందు నాకు అర్థం కావాలె. అయింది. అయిందని నాకు నేనే చెప్పుకోలే. పండ్లు తెచ్చిన.

"ఆ సాయంత్రం నీ సంచిలకెల్లి ప్రశ్నపత్రం తీసి చూసిన. ఎనభై ఆరో ప్రశ్న దగ్గర నువ్వు పెన్సిల్‌తోని రాసుకున్నవ్. 'నాలుగు జవాబుల్లో ఏదీ సరికాదు. లైబ్రరీలో పుస్తకం చూసి, సార్‌కు ఒక్కరికే చెప్పాలి, అందరి ముందు కాదు.' నువ్వు చిక్కడపల్లి లైబ్రరీకి పోతుంటివి. నేను తప్పు రాసిన, పిల్లలు నన్ను చూసి నవ్వకుండ చెయ్యనీకి నువ్వు పోతుంటివి. ఆ కాగితం పద్దెనిమిది దినాలు నా మెత్త కింద వెట్టుకొని పండుకున్న. నిన్న పోలీసులకు ఇచ్చిన. గుంజుడు ఎంతసేపు జరిగింది సార్ అని వాళ్ళు అడిగిండ్రు. రెండు సెకన్లు అన్న. వాళ్ళు అదే రాసుకుంటుంటే చెయ్యి పట్టుకొని ఆపిన. రెండు సెకన్లు, పద్దెనిమిది దినాలు అని రాయమన్న."